పాత బట్టలతో సౌండ్ ప్యానెళ్ళు, అంటే గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి గోడకి తగిలించే పలకలు, ఇంట్లోనే చేసుకోవచ్చా? కోడిగుడ్ల ట్రేలు పనిచేస్తాయా?

బట్టలతో చేసుకోవచ్చు, బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ట్రేల సంగతి మాత్రం మర్చిపోండి. ఆ పల్చటి అట్ట శబ్దాన్ని పీల్చేదెంత? థర్మకోల్ ఇంకా దండగ. గాలి దూరే సందులుంటేనే శబ్దం వాటిలో రాసుకుని వేడిగా మారిపోతుంది, థర్మకోల్‌లో బుడగలన్నీ మూసుకుపోయి ఉంటాయి. గోడ నిండా ట్రేలు అంటించేసి స్టూడియో రెడీ అని వీడియోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్. కింద నున్నటి టైల్స్, చుట్టూ పుట్టీ గోడలు, మా ఆవిడ ఆన్‌లైన్లో లెక్కలు చెబుతుంటే పిల్లలకి బావిలోంచి మాట్లాడినట్టు వినపడేది. వీధి చివర టైలర్ పారేసే కత్తిరింపు ముక్కలు మూటకట్టి, పరుపులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి మిషన్లో ఏకించమన్నాను. దేనికన్నాడు. గోడకి అన్నాను.

"ఏంది సారూ, గోడకు సలి పెడ్తుందా?" అని ఒకటే నవ్వు, పక్క కొట్టువాడిని కూడా పిలిచి చెప్పాడు.

ఆ దూదిని రెండంగుళాల లోతు చెక్క ఫ్రేముల్లో కూరి, పైన పల్చటి కాటన్ గుడ్డ బిగించి, బల్లులు దూరకుండా వెనక దోమల జాలీ కొట్టి, గోడకి రెండంగుళాలు ఎడంగా తగిలించాం. ఆ ఎడం ఉంటే కాస్త బొంగురు శబ్దాలు కూడా తగ్గుతాయి. గుడ్డ బదులు రెక్సిన్ వేస్తే గాలి దూరదు, పనంతా వృథా. ఆఫీసుల్లో రంగురంగుల ఫెల్ట్ ప్యానెళ్ళు చూసే ఉంటారు, చాలావరకు పాత ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పీచుతో ఒత్తినవే. మంచివే, కానీ 9 మిల్లీమీటర్ల షీటు నేరుగా గోడకి అంటిస్తే కీచుమనే సన్నటి శబ్దాలే తగ్గుతాయి. ఇంట్లో చేసేవాటిని స్విచ్ బోర్డులకి, దీపారాధనకి దూరంగా పెట్టండి, పాత బట్ట ఇట్టే అంటుకుంటుంది.

అయినా ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో సగం మందికి అసలు బాధ ఫంక్షన్ హాల్ డీజే. దానికి ఈ ప్యానెళ్ళు పనికిరావు. ఇవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప బయటి మోతని ఆపవు, ఆపాలంటే బరువైన గోడ కావాలి, సందులు లేకుండా మూయాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నుంచీ రూల్ ఉంది, బరాత్ గుర్రానికి ఎవరూ చెప్పలేదనుకుంటా. ముందు మీ స్లైడింగ్ కిటికీ అంచుల్లో చెయ్యి పెట్టి చూడండి, గాలి తగిలితే గోల కూడా అక్కణ్ణుంచే వస్తోంది, రబ్బర్ బీడింగ్ మార్పించండి.