అమ్మ రిపోర్టులో యాంటీ జీపీ210 పాజిటివ్ వచ్చింది. న్యూక్లియర్ పోర్ ప్రొటీన్ అంటే క్యాన్సరా?

మీరు రాసింది ఇదీ: అమ్మగారికి చాన్నాళ్లుగా ఒంటి దురద, ఏఎల్‌పీ (లివర్ టెస్టులో చూసే ఒక ఎంజైమ్) ఎక్కువ, ఏఎన్ఏలో (కణ కేంద్రకం, అంటే న్యూక్లియస్ మీద యాంటీబాడీలు వెతికే పరీక్ష) ‘న్యూక్లియర్ మెంబ్రేన్ ప్యాటర్న్’, తర్వాత లివర్ ప్రొఫైల్‌లో యాంటీ జీపీ210 పాజిటివ్. నెట్‌లో వెతికితే న్యూక్లియర్ పోర్ ప్రొటీన్ల పక్కనే బ్లడ్ క్యాన్సర్, కిడ్నీ జబ్బులు కనబడి హడలిపోయారు. ‘ఇందులో అమ్మకు ఏది? మాకూ వస్తుందా?’ అని అడిగారు.

నేను డాక్టర్‌ని కాదండి. ల్యాబ్‌లో ఏఎన్ఏ స్లైడ్లు చూసి రిపోర్టు రాయడం నా పని. ముందే చెప్పేస్తాను, ఈ రిపోర్టు క్యాన్సర్ గురించి కాదు.

ఆ పాజిటివ్ ఎలా వస్తుందో చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. స్లైడ్ మీద హెప్-2 అనే మనిషి కణాలు అతికించి ఉంటాయి. పేషెంట్ సీరమ్‌ను (రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) పల్చన చేసి వాటి మీద వేస్తాం. కేంద్రకంలోని ఏ ప్రొటీన్ మీదైనా యాంటీబాడీ ఉంటే పోయి దాన్ని పట్టుకుంటుంది. కడిగేసి, పచ్చగా వెలిగే రంగున్న రెండో యాంటీబాడీ వేసి, చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద పెడతాం. రోజూ మాకు ఎక్కువగా తగిలేవి కేంద్రకం నిండా పరుచుకున్న పచ్చదనమో, లోపల చెల్లాచెదురుగా ఉన్న చుక్కలో. జీపీ210 స్లైడ్ అలా ఉండదు. కేంద్రకం అంచు మాత్రమే సన్నగా వెలుగుతుంది. ఫోకస్ కొంచెం తిప్పి కేంద్రకం పైభాగానికి వస్తే, గీతలా కనిపించింది కాస్తా సన్న చుక్కలుగా విడిపోతుంది. అంచు నున్నగా ఉంటే పొర లోపలివైపు అల్లికలా ఉండే లామిన్ ప్రొటీన్లను అనుమానిస్తాం, చుక్కలుంటే పోర్లను, అంటే కేంద్రక పొరలోని రంధ్రాలను. విభజన జరుగుతున్న కణంలో క్రోమోజోముల పట్టీ నల్లగానే ఉంటుంది, ఆ సమయానికి కేంద్రక పొర విడిపోయి ఉంటుంది కాబట్టి.

కేంద్రకంలోకి, బయటికి రాకపోకలన్నీ ఈ పోర్ల గుండానే. ఒక్కో కణంలో వేలల్లో ఉంటాయి. ఒక్కో పోర్‌లో దాదాపు 30 రకాల ప్రొటీన్లు, అన్నీ కలిపి సుమారు 1000 అణువులు. కొన్ని గోడ కడతాయి, కొన్ని పొరలో పాతుకుని పోర్‌ను పట్టి ఉంచుతాయి, కొన్ని దారి మధ్యలో పోగుల్లా ఊగుతుంటాయి. సుమారు 40 కిలోడాల్టన్ల లోపు చిన్న అణువులు ఆ పోగుల సందుల్లోంచి జారిపోతాయి. అంతకన్నా పెద్దవాటికి లోపలికి వెళ్లాలంటే ఇంపోర్టిన్లు, బయటికి రావాలంటే ఎక్స్‌పోర్టిన్లు తోడు రావాలి. జీపీ210 పొరలో పాతుకునే రకం. కండర కణాలు, నాడీ కణాలు రూపుదిద్దుకునేటప్పుడు ఇది కొత్తగా పోర్లలో చేరుతుందనీ, అది లేకపోతే ఆ మార్పే జరగదనీ 2012లో ఎలుక కణాల మీద చూపించారు. నాకు భలే నచ్చిన సంగతి ఇది.

ఇక మీ కంగారు సంగతి. నెట్‌లో మీరు చూసిన జబ్బులు ఆ ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు చెడితే వచ్చేవి. నూప్98 జన్యువు తెగి ఇంకో జన్యువుతో అతుక్కుంటే కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లు వస్తాయి. హాక్స్ఏ9 అనే జన్యువుతో అలా కలవడాన్ని 1996లోనే గుర్తించారు. అది రక్త కణాల్లో జరిగే ప్రమాదం, తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. నూప్93, నూప్107 లాంటివి చెడితే పసిపిల్లల్లో స్టెరాయిడ్లకు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) వస్తుంది. అలాడిన్ అనే పోర్ ప్రొటీన్ చెడితే ఏడ్చినా కన్నీళ్లు రావు, మింగింది కడుపులోకి దిగదు, అడ్రినల్ గ్రంథులు పనిచేయవు. ఈ కిడ్నీ జబ్బు, ఈ అలాడిన్ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ కాపీ అందాలి. అందుకే మేనరికాలున్న ఇళ్లలో అవకాశం ఎక్కువ.

మీ అమ్మగారి రిపోర్టు జన్యువు గురించి ఏమీ చెప్పడం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ జీపీ210 చివరనున్న చిన్న ముక్క మీద యాంటీబాడీలు తయారు చేస్తోందని మాత్రమే చెబుతోంది. విచిత్రమేమిటంటే పోర్లు ఒళ్లంతా ఉన్నా దెబ్బతినేది లివర్‌లోని సన్నటి పైత్య నాళాలు. ఆ జబ్బు పేరు ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్, పీబీసీ అంటారు. ఆ పేషెంట్లలో సుమారు పావువంతు మందిలో ఈ యాంటీబాడీ కనిపిస్తుంది, వేరే జబ్బుల్లో అరుదు. ఏఎల్‌పీ పెరిగి, ఏఎంఏ (మైటోకాండ్రియా మీద వచ్చే యాంటీబాడీ) గానీ యాంటీ జీపీ210 గానీ ఉంటే చాలామందికి బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తారు.

ఇంకో పేషెంట్ రిపోర్టులో ‘ఏఎన్ఏ పాజిటివ్’ అని మాత్రమే రాసి వదిలేశారు, ప్యాటర్న్ లేదు. పాపం ఆవిడ లూపస్ (ఏఎన్ఏ పాజిటివ్ వచ్చే మరో ఆటోఇమ్యూన్ జబ్బు) అనుకుని చాలాకాలం తిరిగాక మా దగ్గరికి సీరమ్ వచ్చింది. చూస్తే అంచు చుక్కలు. అందుకే ప్యాటర్న్ రాయని రిపోర్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మందు సాధారణంగా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, రోజుకు కిలో బరువుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు. సుమారు ఏడాది వాడాక ఏఎల్‌పీ, బిలిరుబిన్ ఎంత దిగాయో చూస్తారు. జీపీ210 ఉన్నవాళ్లలో జబ్బు కాస్త మొండిగా నడవవచ్చని చాలా పరిశోధనల్లో కనిపించింది, కాబట్టి దురద తగ్గిందని ఫాలో-అప్ మానేయొద్దు. అలాగని టైటర్ (సీరమ్‌ను ఎంత పల్చన చేసినా ఇంకా వెలుగుతోందో చెప్పే అంకె) ఎంతకు దిగిందోనని మళ్లీ మళ్లీ ఏఎన్ఏ చేయించకండి, డబ్బు దండగ. దురదకు డాక్టర్ కొలెస్టిరమైన్ పొడి తాగమని రాసిస్తే దానికీ అర్సోకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి.

మీకు వస్తుందా అంటే, రక్తసంబంధీకుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, రిస్క్ మామూలుకన్నా ఎక్కువే, కానీ చాలామందికి రాదు. నడివయసు దగ్గరపడ్డ అక్కచెల్లెళ్లుంటే ఏఎల్‌పీ ఒకసారి చూపించుకోమనండి. అమ్మగారికి మాత్రం థైరాయిడ్ టెస్టు కూడా అడగండి. కళ్లు మండటం, నోరెండటం ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి, పీబీసీతో పాటు ఇవీ వస్తుంటాయి.