కుర్రాళ్ళ కోసం లోకల్ మ్యూజిక్ మ్యాగజైన్ వేస్తున్నాం, డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరడిగింది: చుట్టుపక్కల బ్యాండ్ల గురించి, పాడే పిల్లల గురించి 14 నుంచి 18 ఏళ్ళవాళ్ళ కోసం ఏ4 సైజులో 16 పేజీల మ్యాగజైన్, కవర్‌కి నియాన్ రంగులు, గ్రాఫిటీ ఫాంట్ అనుకుంటున్నారు, యూత్‌ఫుల్‌గా ఉండాలంటే ఇంకేం చెయ్యాలి అని. ఇలాంటిదే నేను ఐదు సంచికలు చేశా, అందులో మొదటి రెండూ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ చెప్తా.

ముందు కవర్ పక్కన పెట్టేయండి. నడిమి షీటుతో మొదలుపెట్టండి. 16 పేజీలు సెంటర్ పిన్నింగ్ అంటే ఏ3 షీట్లు నాలుగు మధ్యకి మడిచి పిన్ను కొట్టడమే కదా, నట్టనడుమ 8, 9 పేజీలు ఒకే షీటు మీద వస్తాయి, అక్కడ పెద్ద పోస్టర్ పెట్టొచ్చు అని మేం తెగ సంబరపడిపోయి ఒక బ్యాండ్ ఫోటో నిండుగా వేశాం. పిల్లలు నిజంగానే పిన్నులు విప్పి తీసి గోడకి అతికించుకున్నారు. అంతా బానే ఉంది, కానీ ఆ షీటు వెనకాల 7, 10 పేజీలు ఉంటాయని మాలో ఒక్కడికీ తట్టలేదు. 7వ పేజీలో బేస్ గిటార్ వాయించే అమ్మాయి ఇంటర్వ్యూ మొదలై 10లో అయిపోతుంది, అంటే పోస్టర్ నచ్చినవాళ్ళందరి ఇళ్ళలో ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి ఉందన్నమాట. తను పాపం ఏమీ అనలేదు, వాళ్ళమ్మగారే అడిగారు, మా అమ్మాయిది ఏదీ అని. అప్పట్నుంచి 7, 10 పేజీల్లో ప్రకటనలు, పజిల్, పోయినా పర్లేదనిపించేవి మాత్రమే పెడుతున్నాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ వయసువాళ్ళు మ్యాగజైన్ బుద్ధిగా మొదట్నుంచి చివరిదాకా చదవరు, చింపుతారు, అతికిస్తారు, ఫోటో తీసి గ్రూపులో పెడతారు, తెలిసినవాడి మొహం కోసం వెతుక్కుంటారు. నేను డమ్మీ ఒకటి నలుగురి చేతిలో పెట్టి ఊరికే కూర్చుని చూశా, ముగ్గురు వెనక నుంచి తిప్పారు! అందుకే మా దాంట్లో వచ్చే ప్రోగ్రాముల పట్టిక ఆఖరి అట్ట మీదకి వచ్చేసింది, తేదీ పెద్దగా, టైమ్, ఎక్కడ, అంతే.

ఇక రంగులు. స్క్రీన్ మీద వెలిగిపోయే నియాన్ ఆకుపచ్చ, స్టేజి లైట్ల నీలం ప్రింటులో రావు, ఎందుకంటే స్క్రీన్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వెలుతురు, ప్రెస్సులో వాడేది సీఎంవైకే (సయాన్ నీలం, మెజెంటా గులాబీ, పసుపు, నలుపు) సిరాలు, ఆ నాలుగు సిరాలు కలిపినా అంత మెరుపు రాదు. రెండో సంచిక కవర్ మీద నీలం లైట్ల కింద పాడుతున్న కుర్రాడి ఫోటో వేశాం, ఫోన్‌లో చూస్తే అదుర్స్, ప్రింటయి వస్తే వంకాయ రంగులో మొద్దుగా ఉంది. ఫైలు సీఎంవైకేకి మార్చి ఒక్కసారి చూసుకుని ఉంటే ముందే తెలిసేది, ప్రెస్సువాళ్ళు ముందుగా తీసి చూపించే నమూనా, అదే ప్రూఫ్, అది కూడా అడగలేదు, తప్పు మాదే. నియాన్ కావాల్సిందే అంటే ఐదో సిరాగా స్పాట్ కలర్, అంటే విడిగా కలిపి తెచ్చిన రంగు, వేయించాలి, దానికి ఖర్చు వేరే.

పైగా నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలు పెట్టాం. తెలుగుతో అది ఇంకా కష్టమండీ, నాలుగు సిరాలతో వేసిన నలుపు వెంట్రుకవాసి పక్కకి జరిగినా సన్న తలకట్లు, ఒత్తులు పూడుకుపోతాయి, 'స్త్ర' లాంటివైతే ఉత్త మచ్చలే. చిన్నక్షరాలు ఎప్పుడూ తెల్ల కాగితం మీద ఉత్త నలుపుతోనే వేయండి. లైన్ల మధ్య దూరం కూడా ఇంగ్లీషు లెక్కన పెట్టకండి, 10 పాయింట్ల అక్షరానికి 15, 16 పాయింట్లు ఇవ్వకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. పేజీలు పేర్చడానికి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. యూనికోడ్ ఫాంట్లే వాడండి, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది తర్వాత నెట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. హెడ్డింగులకి రామభద్ర, మ్యాటర్‌కి మండలి నాకు నచ్చిన జోడీ, రెండూ ఫ్రీ.

గ్రాఫిటీ ఫాంట్ మ్యాగజైన్ పేరు వరకే ఉంచండి. 1994లో అమెరికాలో రే గన్ అనే మ్యూజిక్ మ్యాగజైన్‌కి డిజైన్ చేసిన డేవిడ్ కార్సన్, బ్రిటిష్ గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ బోర్‌గా ఉందని మొత్తం జాఫ్ డింగ్‌బాట్స్‌లో, అంటే అక్షరాలే లేని గుర్తుల ఫాంట్‌లో పెట్టేశాడు. అందరూ ఆ కథే చెప్తారు గానీ అదే సంచిక చివర్లో దాన్ని చదవగలిగేలా మళ్ళీ వేశారన్న సంగతి చెప్పరు. ఆయన ఆటాడిన మనిషి ఆల్రెడీ పెద్ద స్టార్. మీ పేజీలో ఉండేది మొదటిసారి పేరు అచ్చులో చూసుకునే పిల్ల, తన మాటలతో మనం ఆటలాడకూడదు.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఏ4 పేజీ నిండా రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన, కత్తిరింపులో పోయేందుకు అంచు బయటికి వదిలే బ్లీడ్ ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లతో కలిపి వెడల్పు 2550 పిక్సెళ్ళు ఉండాలి, లేకపోతే ఫోటో చిన్నగా వేయండి, సాగదీయొద్దు. 18 లోపు పిల్లల ఫోటో అయితే ఇంట్లోవాళ్ళ ఒప్పుదల రాయించుకోండి.

లిరిక్స్ పేజీ తప్పకుండా పెట్టండి, మా దాంట్లో ఎక్కువ నలిగిన పేజీ అదే. బ్రిటన్‌లో 1978లో మొదలైన స్మాష్ హిట్స్ టీనేజ్ పిల్లల్లోకి వెళ్ళింది హిట్ పాటల లిరిక్స్ అచ్చేసే. సినిమా పాటలకైతే హక్కులుంటాయి, మనం అలా వేసెయ్యలేం, కానీ లోకల్ కుర్రాడు సొంతంగా రాసుకున్న పాటకి పర్మిషన్ ఒక మెసేజ్ దూరం. పక్కనే క్యూఆర్ కోడ్, తెలుపు మీద నలుపు, 2 సెంటీమీటర్లకి తగ్గకుండా, చుట్టూ ఖాళీ వదిలి, మడత మీద పడకుండా. కోడ్ మాత్రం నేరుగా వీడియోకి కాకుండా మీ చేతిలో ఉండే పేజీకి వెళ్ళాలి. మా సింగర్ ఒకతను గొంతు బాలేదని రెండు వారాలకే వీడియో తీసేశాడు, ప్రింటయిన కాపీలన్నిట్లో కోడ్ చచ్చిపోయింది.

కవర్ అన్నిటికంటే చివర చేసుకోండి, అప్పటికి మీ దగ్గరున్న వాటిలో ఏ ఫోటో బాగుందో తెలుస్తుంది. ముందు నాలుగు తెల్ల కాగితాలు మడిచి, పేజీ నంబర్లు పెన్నుతో వేసి, ఏ పేజీలో ఏం వస్తుందో రాసి ఇక్కడ ఫోటో పెట్టండి, 7, 10లో ఏం రాశారో చూస్తా.