రెండు కంప్యూటర్లలో ఒకే సెట్టింగులు: పెన్‌డ్రైవ్ చాలదా, గిట్ కావాలా?

హాస్టల్ డెస్క్‌టాప్‌లోనూ ఇంటి ల్యాప్‌టాప్‌లోనూ బాష్ (టైప్ చేసిన ఆదేశాలను నడిపే షెల్), విమ్ (టెక్స్ట్ ఎడిటర్) సెట్టింగులు ఒకేలా ఉండాలంటే పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే సరిపోదా అని మీరు అడిగారు. నేనూ రెండేళ్లు పెన్‌డ్రైవ్‌నే నమ్ముకున్నాను. హనుమకొండలో ఇంటి దగ్గర ఆదివారమంతా కూర్చుని రాసుకున్న విమ్ షార్ట్‌కట్ల మీద మడికొండ ఆఫీసు నుంచి తెచ్చిన పాత కాపీ పడి, అవన్నీ పోయిన రోజున ఆ పద్ధతి మానేశాను. ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్ అయితే రెండు చోట్లా ఒకే వరుసను వేర్వేరుగా మార్చినప్పుడు తనంతట తాను కలపకుండా ఆగి, ఏది ఉంచాలో మిమ్మల్నే తేల్చమంటుంది.

నేను వాడేది బేర్ రిపోజిటరీ పద్ధతి. రిపోజిటరీ అంటే గిట్ ఆ చరిత్రను దాచే చోటు; బేర్ అంటే అందులో చరిత్రే తప్ప మనం వాడే ఫైళ్లు విడిగా ఉండవు. హోమ్ డైరెక్టరీలో ఒక బేర్ రిపోజిటరీని పెట్టి, హోమ్ డైరెక్టరీనే దాని వర్క్ ట్రీగా (అసలు ఫైళ్లుండే ఫోల్డర్‌గా) చూపే ఎలియాస్ (పొడవైన ఆదేశానికి పొట్టి పేరు) రాసుకుంటే, చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. ట్రాక్ చేయని, అంటే గిట్‌లో చేర్చని ఫైళ్లను చూపవద్దనే సెట్టింగును ముందే పెట్టండి. లేకపోతే స్టేటస్ అడిగిన ప్రతిసారీ హోమ్‌లో ఉన్న సమస్తమూ తెర మీదికి వస్తుంది. సిమ్‌లింకులు (వేరే చోట ఉన్న ఫైల్‌ను చూపే లింకులు) ఇష్టమైతే వాటిని పెట్టిపెట్టే గ్నూ స్టో ఉంది, అదీ మంచిదే.

కొత్త కంప్యూటర్‌లో మొదటి చెక్‌అవుట్‌కు, అంటే రిపోజిటరీలోని ఫైళ్లను బయటికి తీసి పెట్టడానికి, ఉబుంటు ముందే పెట్టిన బాష్‌ఆర్‌సీ (బాష్ సెట్టింగుల ఫైల్) అడ్డుపడుతుంది. బలవంతం చేయకుండా, పాతదాన్ని వేరే ఫోల్డర్‌లోకి జరిపి మళ్లీ చేయండి.

అసలు చిక్కు యంత్రాల మధ్య తేడాలతో వస్తుంది. తెలుగు అక్షరాలకు మన బమ్మెర పోతన పేరున్న ఫాంటునే వాడమని, ఏ ఫాంటు వాడాలో తేల్చే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్‌లో రాసుకున్నాను. ఆఫీసు యంత్రంలోకి ఆ ఫైలైతే వచ్చింది గానీ, ఫాంటు అక్కడ లేకపోవడంతో అక్షరాలు వేరే రూపంలో కనిపించి అరగంట తికమకపడ్డాను. అప్పటినుంచి ఇన్‌స్టాల్ చేయవలసిన ప్యాకేజీల పేర్లను కూడా ఒక టెక్స్ట్ ఫైల్‌గా అదే రిపోజిటరీలో ఉంచుతున్నాను. ఒక్క యంత్రానికే పరిమితమైన సంగతులను రిపోజిటరీలో చేర్చని వేరే ఫైల్‌లో పెట్టి, అది ఉంటేనే చదవమని బాష్‌ఆర్‌సీ చివర రాశాను. ఆఫీసు ఫోల్డర్‌లో ఆఫీసు ఈమెయిల్‌తో కమిట్లు (చరిత్రలో నమోదయ్యే మార్పులు) పడడానికి, 2017లో వచ్చిన గిట్ 2.13 నుంచి ఉన్న, ఫోల్డర్‌ను బట్టి వేరే సెట్టింగుల ఫైల్‌ను చదివించే ఇంక్లూడ్ఇఫ్ సరిపోతుంది.

పాస్‌వర్డులు, టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడ్‌లు), ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీలు (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైళ్లు) మాత్రం ఎంత ప్రైవేట్ రిపోజిటరీ అయినా పెట్టకండి. ఒకసారి బాష్‌ఆర్‌సీతో పాటు నా టోకెన్ కూడా పబ్లిక్ రిపోజిటరీలోకి వెళ్లింది. మర్నాడు ఆ వరుస తీసేసి కమిట్ చేసి నిశ్చింతగా ఉన్నాను గానీ, పాత కమిట్ తెరిచి చూస్తే టోకెన్ అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకునే దాకా నాకు నిద్ర పట్టలేదు.

కమిట్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో సిగ్నల్ పోయినా నా పని ఆగదు. దిగాక ఆ కమిట్లను పుష్ చేయడం, అంటే ఆన్‌లైన్ రిపోజిటరీకి పంపడం మరిచిపోతే మాత్రం, ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ రోజులే.