పడవ మీంచి దూకొద్దు చిన్నీ

చిరంజీవి చిన్నీకి పిన్ని ఆశీస్సులు.

వచ్చే నెల నువ్వూ అల్లుడూ నాలుగు రోజులు గ్రీసులోని సాంతోరిని దీవికి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. టికెట్లూ రూమూ అన్నీ నువ్వే చూసుకున్నావట. ఎంత సంతోషమేసిందో! రాజమండ్రి స్టేషన్లో ప్లాట్‌ఫాం మారాలన్నా నా కొంగు వదిలేదానివి కాదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

మీ అమ్మ భయమంతా అగ్నిపర్వతం గురించే. 2025 ఫిబ్రవరిలో అక్కడ వరసగా భూమి కంపించి వేలమంది దీవి వదిలి వెళ్లారని వార్తల్లో చూసింది కదా, అప్పట్నుంచీ ఆ పేరు వింటేనే టెన్షన్. 1956లో అయితే పెద్ద భూకంపమే వచ్చి యాభైమందికి పైగా పోయారు. అగ్నిపర్వతం చివరిసారి పేలింది 1950లో. బయల్దేరే ముందు అక్కడి వార్తలు చూసుకో. ఎర్ర బీచ్‌లో కొండ కింద కూర్చోకండి, రాళ్లు విరిగి పడతాయి. కుళాయి నీళ్లు తాగకండి. ఏథెన్స్‌కి ఓడలో తిరిగొస్తే అదే రోజు విమానం పెట్టుకోవద్దు, గాలి ఎక్కువైతే ఓడలు ఆపేస్తారు. ఫిరా ఊళ్లో రేవు నుంచి పైకి రావడానికి గాడిద ఎక్కొద్దు. దాదాపు ఆరువందల మెట్లు, ఎండలో ఆ మూగజీవాలు ఎంత అవస్థ పడతాయో నేను చూశాను. కేబుల్ కార్ ఉంది.

నా భయం నీళ్ల గురించి.

2013లో మీ బాబాయికి జర్మనీలో ఆర్నెల్ల పని పడితే, మే నెలలో మేమూ సాంతోరిని వెళ్లాం. పడవలో నెయా కమెని అనే అగ్నిపర్వతపు దీవికి తీసుకెళ్లారు. నల్లటి గుల్లరాళ్ల మీద పైదాకా నడిచాం, చెట్టు నీడన్నది లేదు. తర్వాత పక్కనున్న పాలియా కమెని దీవి దగ్గర వేడినీటి ఊటలున్నాయని పడవ ఆపారు. ఒడ్డుకి దూరంగానే ఆపారు. కావలసినవాళ్లు దూకి ఈదుకుంటూ వెళ్లాలి.

బాబాయి తటపటాయించారు. "ఈది చాలా ఏళ్లయింది కదే" అన్నారు. నేనే అన్నాను, పదిమందీ వింటుండగా, "గోదావరి ఈదినవారు, ఈ కాస్త దూరానికి ఆలోచిస్తారేంటి?" అని. ఆయన ఇంకేం మాట్లాడలేదు. కళ్లజోడు, వాచీ తీసి నా చేతిలో పెట్టి దూకేశారు.

ఊట దగ్గరికి వెళ్తే తప్ప ఆ నీళ్లు వెచ్చగా ఉండవు చిన్నీ. పడవ దగ్గర ఐసులా ఉన్నాయి. మొదట బాగానే వెళ్లారు. సగం దాటాక చేతులు ఆడుతున్నాయి గానీ మనిషి కదలడం లేదు. ఒక చెయ్యి పైకెత్తారు. నన్నే పిలుస్తున్నారనుకుని నేనూ నవ్వుతూ చెయ్యి ఊపాను.

పడవ కుర్రాడికి అర్థమైంది. రబ్బరు ట్యూబు విసిరి తనూ దూకాడు. ఆయన్ని పట్టుకుని, దగ్గరగా ఉంది కదాని, ఊట వైపే తీసుకెళ్లాడు. అక్కడ నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి, కాళ్లానాయి. వెనక్కి తెచ్చేసరికి పెదాలు నీలంగా మారిపోయాయి. తెల్ల తువ్వాలు కప్పితే దానికి తుప్పు రంగు పట్టింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, నా పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్లయింది, మొదటిసారి నీకే చెప్తున్నాను.

మీరిద్దరూ ఆ పడవ ఎక్కితే పైనే కూర్చోండి. దిగి తీరాలనిపిస్తే లైఫ్ జాకెట్ వేసుకోండి, సిగ్గుపడొద్దు. అల్లుడు వద్దంటే అక్కడితో వదిలెయ్. "ఏం, భయమా?" అని నవ్వుతూ కూడా అనకు. నా మీద ఒట్టు.

మర్నాడు అక్రోతిరి వెళ్లాం. సుమారు 3600 ఏళ్ల కింద బూడిదలో కూరుకుపోయిన ఊరు. ఇళ్లున్నాయి, వీధులున్నాయి, మనిషెత్తు జాడీలున్నాయి. మనుషుల ఎముకలు మాత్రం దొరకలేదట. భూమి కదిలినప్పుడే భయపడి వెళ్లిపోయారని అక్కడ చెప్పారు. బాబాయి ఆ జాడీల దగ్గర చాలాసేపు నిలబడి, "తెలివైనవాళ్లు" అన్నారు. ఒక పూట దానికి ఉంచుకో. ఇయా అనే ఊళ్లో సూర్యాస్తమయానికి జనం విపరీతం, రెండు గంటల ముందే వెళ్లండి.

పడవ నుంచి వచ్చిన ఆ రాత్రి ఆయన ఏమీ తిననన్నారు. హోటలావిడ ఫావా అని ఒక పప్పు తెచ్చి పెట్టింది. అచ్చం మన ముద్దపప్పే, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. నిమ్మకాయ పిండుకుని రెండు ప్లేట్లు తిన్నారు. ఆ పప్పు ప్యాకెట్లలో అమ్ముతారు. నాకో అరకిలో తీసుకురా తల్లీ.

ప్రేమతో,
పిన్ని