మార్మన్ చరిత్ర మీద బంధువులు పంపే వీడియోలకు ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: నేను మార్మన్ సంఘంలో చేరి ఏడాది దాటింది. సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌కు ముప్పై మందికి పైగా భార్యలని, టోపీలో రాయి పెట్టుకుని మన లేఖనమైన మార్మన్ గ్రంథం చెప్పాడని, నల్లజాతి వాళ్లకు యాజకత్వం (సంఘంలో మగవాళ్లకిచ్చే సేవాధికారం) ఇచ్చేవాళ్లు కాదని ఇంట్లోవాళ్లు వీడియోలు పంపుతున్నారు. ఇవన్నీ అబద్ధాలని ఎలా నిరూపించాలి?

జవాబు: నిరూపించలేరు బ్రదర్, ఆ మూడూ జరిగినవే. నేనూ కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో (మార్మన్ సంఘం అంటే ఇదే) సభ్యుడినే, హైదరాబాద్‌లో ఉంటాను, ఇప్పటికీ ప్రతి ఆదివారం నమ్మకంతోనే వెళ్తాను. అయినా ఇలాంటివి అడిగినవాళ్లతో "అదంతా శత్రువుల ప్రచారం" అని అనను. అలా కొట్టిపారేసిన ఇళ్లలో పిల్లలు పెద్దయ్యాక ఫోన్‌లో అన్నీ చదువుకుని సంఘం వదిలేయడం చూశాను. రాయి సంగతి కన్నా "ఇంతకాలం మాకెందుకు చెప్పలేదు" అన్నదే వాళ్లకు ఎక్కువ బాధ.

ఈ విషయాల మీద సంఘమే 2013 నుంచి వరసగా వ్యాసాలు పెట్టింది. జోసెఫ్ స్మిత్ భార్యల సంఖ్య ముప్పైకీ నలభైకీ మధ్య ఉండొచ్చని, వాళ్లలో అందరికన్నా చిన్నమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదని 2014లో వచ్చిన వ్యాసంలో రాసే ఉంది. ఆయన భార్య ఎమ్మా ఈ విషయంలో ఎంత నలిగిపోయిందో కూడా అందులోనే ఉంది. చదివితే మనసు కలుక్కుమంటుంది, నాకూ అంది. దాన్ని సమర్థించే బాధ్యత మీ నెత్తిన వేసుకోకండి.

మా బాబాయి బాప్టిస్టు పాస్టరు. ఓ పెళ్లిలో భోజనాలయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఒక రాయి ఫొటో చూపించాడు, చాక్లెట్ రంగులో, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. "ఏరా, మీ ప్రవక్త దీన్ని టోపీలో వేసుకుని అందులో మొహం పెట్టి గ్రంథం చెప్పాడంట, నిజమేనా?" అన్నాడు. "నిజమే బాబాయ్, 2015లో ఆ ఫొటో బయటపెట్టింది మా సంఘమే" అన్నాను. దాంతో రాయి గురించి వాదన ఆగిపోయింది. కానీ ఆయన అసలు ప్రశ్న వేరే. మా తాత ఊరి బావిలో చేద వేయనివ్వని రోజుల్లో మిషనరీల దగ్గరికి వెళ్లిన మనిషి. "మీ తాత ఎందుకు బాప్తిస్మం తీసుకున్నాడో తెలిసి కూడా, ఒంటి రంగు చూసి యాజకత్వం ఆపిన సంఘంలో ఎలా కూర్చుంటున్నావురా?" అని అడిగాడు.

ఇది వీడియోలకు మించిన ప్రశ్న. నాకు తెలిసింది చెప్పాను. ఇలైజా ఏబెల్ అనే నల్లజాతి సభ్యుడికి జోసెఫ్ స్మిత్ బతికుండగానే, 1836లో, యాజకత్వం ఇచ్చారు. స్మిత్ తర్వాత సంఘానికి నాయకుడైన బ్రిగం యంగ్ 1852లో నల్లజాతివాళ్లకు యాజకత్వం ఇవ్వకూడదన్న నిషేధాన్ని బహిరంగంగా ప్రకటించాడు. అది దేవుడు చెప్పాడనడానికి ప్రత్యక్షత ఏదీ రికార్డుల్లో కనిపించదు. 1978 జూన్‌లో గానీ అది పోలేదు. నల్లరంగు శాపమని, పుట్టకముందే వాళ్లేదో తప్పు చేశారని అప్పటిదాకా పెద్దలు చెప్పిన కారణాలన్నిటినీ సంఘం 2013 వ్యాసంలో తోసిపుచ్చింది. నా మటుకు ఆ నిషేధమే తప్పు, దాన్ని దేవుడి మీదికి నెట్టడం ఇంకా పెద్ద తప్పు. బాబాయికి అదే చెప్పాను. ప్రవక్తలు కూడా తమ కాలపు దురభిమానాలకు అతీతులు కారని, అయినా నాకు ప్రార్థనలో దొరికింది అబద్ధం కాదని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుబట్టలేదు.

మీరు గమనించాల్సిందేమిటంటే, వీడియోల్లో జరిగిన సంగతి ఒకటి ఉంటుంది, దాని మీద వాళ్లు కట్టిన తీర్పు ఒకటి ఉంటుంది. రెండూ కలిపి చెప్తారు. పాత ఐగుప్తు పత్రాల నుంచి అనువదించానని జోసెఫ్ స్మిత్ చెప్పిన మన లేఖనం, అబ్రాహాము గ్రంథమే తీసుకోండి. జోసెఫ్ స్మిత్ దగ్గరున్న ఐగుప్తు పత్రాల ముక్కలు కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి 1967లో సంఘం చేతికొచ్చాయి. నిపుణులు చదివితే అవి చనిపోయినవాళ్ల కోసం రాసే మామూలు అంత్యక్రియల రాతలు, అందులో అబ్రాహాము లేడు. సంఘం కూడా దీన్ని కాదనదు. అక్కడిదాకా చరిత్ర. "కాబట్టి మోసగాడు" అన్నది వాళ్ల తీర్పు, "అవి కేవలం ప్రేరణ ఇచ్చాయి" అన్నది మనవాళ్లలో కొందరి తీర్పు. నాకైతే ఈ రెండో మాట కూడా పూర్తిగా మింగుడుపడదు. ఆ ప్రశ్నను ప్రశ్నగానే ఉంచుకున్నాను.

అబద్ధాలూ తిరుగుతున్నాయి, వాటిని మాత్రం గట్టిగా ఖండించండి. ఇప్పటికీ మార్మన్లు నలుగురైదుగురిని పెళ్లి చేసుకుంటారన్నది అలాంటిదే. 1890లో అప్పటి సంఘ అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యాత్వం ఆపమని ప్రకటించాడు, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడక్కడా సాగింది, 1904 నుంచి చేసుకున్నవాళ్లను వెలివేయడం మొదలైంది. టీవీల్లో చూపించే కుటుంబాలు విడిపోయిన వేరే గుంపులవి. యేసును నమ్మరన్నది కూడా అబద్ధమే. కానీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేర్వేరు వ్యక్తులని మనం నమ్ముతాం, మామూలు క్రైస్తవులు నమ్మే త్రిత్వం (ముగ్గురూ ఒకే దేవుడు) అది కాదు. దీన్ని దాచి "మేమూ మీలాంటివాళ్లమే" అంటే రేపు వాళ్లే నిలదీస్తారు.

ఇంకోటి, 1857లో అమెరికాలోని యూటాలో మౌంటెన్ మెడోస్ దగ్గర దాదాపు 120 మంది బాటసారులను మార్మన్లు చంపిన విషయం ఎవరైనా ఎత్తితే, 1838లో మిస్సోరీ రాష్ట్ర గవర్నర్ మనవాళ్లను తరిమేయమన్న ఉత్తర్వు, అక్కడి హాన్స్ మిల్‌లో మనవాళ్లు 17 మందిని మూక చంపడం అడ్డం పెట్టుకోకండి. అవి నిజమే, కానీ దానికీ దీనికీ చెల్లు కాదు. చనిపోయిన ఆ ప్రయాణికులు మిస్సోరీ మూక కాదు, ఎక్కువమంది ఆర్కన్సా నుంచి పిల్లాపాపలతో బయల్దేరిన కుటుంబాలు.

ఈ వారం ఒక పని చేయండి. సంఘం వారి గాస్పెల్ లైబ్రరీ యాప్‌లో ఆ వ్యాసాలున్నాయి, ముందు యాజకత్వం మీదది, తర్వాత బహుభార్యాత్వం మీదది చదవండి, కింద ఇచ్చిన ఆధారాలతో సహా. మీ ఇంట్లో ఎక్కువ బాధపడుతున్నది ఎవరో, బహుశా అమ్మగారే అయ్యుంటారు, ఆమె పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది. బిషప్‌ను (మీ స్థానిక సంఘం పెద్దను) అడిగితే "అవి చదవకు" అన్నారనుకోండి, సంఘమే రాసినవని యాప్ తెరిచి చూపించండి.