తెలిసిన మాటలతోనే తంటా

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు చేసి వచ్చినా, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే అయినా, అమెరికాలో మొదటి ఆర్నెల్లు ఇబ్బంది పెట్టేవి మీకు బాగా తెలుసనుకున్న మాటలే. తెలియని మాట వినిపిస్తే ఫోన్లో వెతుక్కుంటారు. తెలిసిన మాటను ఎవరు వెతుకుతారు? మీరు హైదరాబాద్ అర్థంలో అంటారు, అవతలివాళ్లు వాళ్ల అర్థంలో వింటారు, తేడా వచ్చిందని ఇద్దరికీ తెలియదు.

'డౌట్' సంగతే తీసుకోండి. పాఠం అర్థం కాకపోతే సందేహం, లెక్కలో తేడా కనిపిస్తే అనుమానం. తెలుగులో రెండు మాటలున్నా, వాడుకలో రెండింటికీ డౌటే. ఇంగ్లిష్ డౌట్ మాత్రం అనుమానం వైపు ఉంటుంది. ప్రొఫెసర్‌తో 'ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ మెథడ్' అంటే, మీ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి, చాలు.

ఆఫీసులో ఇంకో గండం 'రివర్ట్'. మనకు 'ఐ విల్ రివర్ట్ బై ఈవినింగ్' అంటే సాయంత్రానికి జవాబిస్తా అని. వాళ్లకు రివర్ట్ అంటే మళ్లీ పాత స్థితికి తేవడం. సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఆ మాట పడితే, మీరు చేసిన కోడ్ మార్పును వెనక్కి తీసేస్తున్నారని అనుకుంటారు. జవాబుకైతే 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యు'. అలాగే '2022 పాస్డ్ అవుట్' అంటే ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయారని అర్థం. 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022' అనాలి. 'ప్రీపోన్' చాలామందికి అర్థం కాదు. మీటింగ్ రెండున్నర నుంచి రెండింటికి వస్తే 'మూవ్డ్ అప్', మూడింటికి పోతే 'పుష్డ్ బ్యాక్'. అయినా టైమ్ చెప్పేయడమే మేలు, ఎందుకంటే 'మీటింగ్ ముందుకు జరిపారు' అన్నా మనలో మనకే తేడాలొస్తాయి.

అన్నిటికన్నా మొండిది 'ఎస్', 'నో'. 'నువ్వు తినలేదా?' అని అడిగితే తెలుగులో 'అవును, తినలేదు' అంటాం. అడిగినవాడి మాట నిజమే అని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లిష్‌లో ప్రశ్న ఎటు తిరిగినా, పని జరిగితే ఎస్, జరగకపోతే నో. 'యు డిడింట్ గెట్ ద ఈమెయిల్?' అంటే రానివాడు 'నో' అనాలి. మన నోట 'ఎస్' వస్తుంది, అవతలివాళ్లు అందిందనుకుని వెళ్లిపోతారు. కస్టమ్స్ దగ్గర 'యు ఆర్ నాట్ క్యారీయింగ్ ఎనీ ఫుడ్?' అని అడిగినప్పుడు ఒంటి మాటతో సరిపెట్టకండి. ఆవకాయ సీసా, సున్నుండలు ఉంటే 'ఎస్, ఐ హ్యావ్ పికిల్స్ అండ్ స్వీట్స్' అని పూర్తి వాక్యం చెప్పండి. తెచ్చింది చెబితే చూసి పంపిస్తారు, కూడనిదైతే తీసేసుకుంటారు. చెప్పకుండా దొరికితేనే జరిమానా భయం.

పేరు గురించి ఇంకా హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు శ్రద్ధగా చదవాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. 'ఫస్ట్ నేమ్' గడి చూడగానే, ముందు రాసేది అదే కదా అని కొందరు ఇంటిపేరు అందులో నింపేస్తారు. ఫస్ట్ నేమ్ అంటే పెట్టిన పేరు, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు, రాసే వరస ఏదైనా సరే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటే, వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్ చోటికి పోయి, ఫస్ట్ నేమ్ చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దాని అర్థం. ఆ మూడక్షరాలు బ్యాంకులో, లైసెన్సులో కూడా వెంటపడతాయి. వీసాకు పెట్టకముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి ఇంటిపేరు విడగొట్టించుకోండి.

తేదీలో నెల ముందు వస్తుంది: 05/08 అంటే మే 8. అద్దె ఒప్పందంలో నెల పేరు అక్షరాల్లో రాయమనండి. ఇల్లు 'ఫస్ట్ ఫ్లోర్' అంటే మన గ్రౌండ్ ఫ్లోరే. బ్రిటన్ వెళ్లేవాళ్లకు ఈ రెండు చిక్కులూ లేవు, అక్కడ మనలాగే.

మందుల షాపులో పొరపాటు ఖరీదైనది. 'పారాసెటమాల్' అంటే అక్కడ తెల్లమొహం వేస్తారు, వాళ్లకది 'ఎసిటమినోఫెన్'. టైలెనాల్ అదే: రెగ్యులర్ బిళ్ల 325 మిల్లీగ్రాములు, ఎక్స్‌ట్రా స్ట్రెంత్ 500. జలుబుకు కొనే డేక్విల్, నైక్విల్‌లోనూ అదే ఉంటుంది. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో 650 వేసుకుని, పైన నైక్విల్ తాగితే ఒకే మందు రెండుసార్లు పడినట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అన్నీ కలిపి రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే లివర్‌కు ముప్పు. మద్యం అలవాటున్నవాళ్లకు ఇంకా తక్కువ. ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్‌ను 'అల్బ్యుటరాల్' అంటారు, ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు. డాక్టర్‌తో 'మోషన్స్', 'షుగర్', 'బీపీ ఉంది' అనకండి. డయేరియా, డయాబెటిస్, హై బ్లడ్ ప్రెషర్ అనండి. బీపీ అందరికీ ఉంటుంది! ఛాతీలో మంటను 'గ్యాస్' అంటే కడుపుబ్బరం అనుకుంటారు, 'హార్ట్‌బర్న్' అంటే అర్థమవుతుంది.

హోటల్ అంటే బస మాత్రమే, తినడానికి రెస్టారెంట్. పార్సిల్‌కు 'టు గో', బిల్లుకు 'చెక్'. మెనూలో 'ఆంత్రే' అంటే అమెరికాలో అసలు భోజనం, స్టార్టర్ కాదు.

సరుకుల్లో కొత్తిమీర 'సిలాంట్రో', 'కొరియాండర్' అని రాసి ఉన్న సీసాలో ధనియాలుంటాయి. 'లేడీ ఫింగర్స్' అడిగితే బిస్కెట్లు చూపిస్తారు, బెండకాయ 'ఓక్రా'. గోబీ మంచూరియాకు 'కార్న్ ఫ్లోర్' ప్యాకెట్ తెస్తే పూత కరకరలాడదు, ఎందుకంటే అది మొక్కజొన్న పిండి. మనం వాడే తెల్లటి మెత్తటి పొడిని అక్కడ 'కార్న్‌స్టార్చ్' అంటారు. పెరుగుకు 'ప్లెయిన్ యోగర్ట్' డబ్బానే తీయండి. పక్కనే దాదాపు అదే రంగులో 'వెనీలా' ఉంటుంది. తొందరలో అది తెస్తే పెరుగన్నం, ఆవాల తాలింపుతో సహా, ఐస్‌క్రీం వాసన కొడుతుంది.