విజయవాడ ఎండల్లో బాల్ పైథాన్ పెట్టెను చల్లగా ఉంచడం ఎలా?

మీరు అడిగింది ఇది: మూడడుగుల గాజు పెట్టెలో రెండేళ్ల బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఒక రకం కొండచిలువ) ఉంది, ఒక చివర కింద కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్ ఉంది, థర్మోస్టాట్‌ను 32 డిగ్రీల వద్ద పెట్టారు, అయినా మే నెల మొదలైనప్పటి నుంచి పాము నీళ్ల గిన్నె వదిలి రావడం లేదు.

మీ థర్మోస్టాట్ చెడిపోయి ఉండకపోవచ్చు. అది చేయగలిగిన పని మ్యాట్‌కు కరెంటు ఇవ్వడం, ఆపడం మాత్రమే. బయట 42, 43 డిగ్రీల ఎండ కాస్తూ గదిలోనే 36 ఉన్నప్పుడు, మ్యాట్ పూర్తిగా ఆగిపోయినా పెట్టెలో వేడి అంతకంటే తగ్గదు. బాల్ పైథాన్‌కు వెచ్చని చివర 31 నుంచి 33, చల్లని చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కనుక, ఈ రెండు చివరల మధ్య అటూ ఇటూ కదులుతూ తనకు కావలసినంత వేడిని తానే ఎంచుకుంటుంది. పెట్టెల గురించిన సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వారు రాసినవి కావడం వల్ల వేడి ఎలా ఇవ్వాలో అవి వివరంగా చెబుతాయి. మన ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా మనం కాపాడవలసింది చల్లని చివరను.

సత్యనారాయణపురంలో మేడ మీది వాటాలో ఉన్నప్పుడు, మొదటి వేసవిలో నేనూ ఇక్కడే పొరబడ్డాను. గాజుకు పైన అతికించిన ముల్లు థర్మామీటరు 31 చూపిస్తుంటే అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఒకరోజు పాము నోరు తెరిచి తల పైకెత్తి ఉండటం చూసి, వైరు చివర ప్రోబ్ (వేడిని కొలిచే కొన) ఉన్న డిజిటల్ థర్మామీటరును చల్లని చివర నేలకు ఆనించి చూస్తే 36 ఉంది. వెంటనే దానిని కింది వాటాలోని గదికి మార్చి, గది వేడిలోనే ఉన్న లోతు లేని నీటిలో ఉంచాను. ఐసు నీళ్లు పోస్తే ఒక్కసారిగా తగిలే చలి మరో దెబ్బ అవుతుంది. అది బతికింది గాని, ఆ సాయంత్రం నేను పడ్డ భయం మాత్రం ఇంకా మనసులో ఉంది.

శ్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి పది దాటినా వదులుతూనే ఉంటుంది కాబట్టి, మేడ మీది గదిలో ఎత్తైన అల్మరా మీద పెట్టె పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గోడ పక్కన, దాదాపు నేల మట్టంలో ఉంచాక నా పెట్టెలో నాలుగు డిగ్రీలు తగ్గింది. చల్లని చివర సగం పగలగొట్టిన మట్టి కుండను అంచులు నున్నగా అరగదీసి బోర్లించి, పైభాగాన్ని రోజుకు రెండుసార్లు తడుపుతాను. పొడి వడగాలి వీచే రోజుల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. ఉక్కపోత పెరిగే జూన్‌లో నీరు ఆరదు కనుక కుండ గాని, గదిలోని ఎయిర్ కూలర్ గాని పెద్దగా ఉపయోగపడవు. అప్పుడు ఏసీని 27 వద్ద ఉంచడమే దారి. అయితే ఏసీ గాలిలో తేమ తగ్గి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది కాబట్టి, ఒక దాగుడు చోటులో తడి నాచు ఉంచండి. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టిన నీటి సీసాను తువ్వాలులో చుట్టి, చల్లని చివర గాజుకు బయటి వైపున ఆనించండి. పాముకు నేరుగా తగలనివ్వవద్దు.

నీళ్లలో పడి ఉండటానికి మైట్లు అనే చిన్న నల్ల పురుగులు కూడా కారణం కావచ్చు. గిన్నె అడుగున నల్లని చుక్కలు ఉన్నాయేమో చూసి, ఉంటే పాములను చూసే పశువైద్యుడిని కలవండి.

మ్యాట్‌ను మాత్రం తీసి పారేయకండి. జనవరి రాత్రుల్లో మన గదులు కూడా 20 డిగ్రీల దగ్గరకు దిగుతాయి, ఆ చలిలో తిన్నది అరగదు. ఒకసారి మ్యాట్ వేడెక్కకపోవడంతో నా పాము మింగిన ఎలుకను మూడో రోజు కక్కేసింది. థర్మోస్టాట్ ప్రోబ్ మ్యాట్ దగ్గర నుంచి జారిపోతే మ్యాట్ ఆగకుండా మండి పొట్ట కాలే ప్రమాదమూ ఉంది, అందుకే దానిని మ్యాట్‌కూ గాజుకూ మధ్య గట్టిగా అతికించాలి.

ముందుగా రేపు మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ రెండు చివరల్లోనూ నేల మీద కొలిచి ఆ నాలుగు అంకెలూ రాయండి. మార్చవలసింది పెట్టెనో, గదినో అప్పుడు చెప్పగలను.